ఎవరు నిద్రపోయారు అన్నది రెండో ప్రశ్న

అర్ధరాత్రి దాటాక అనంతపురంలో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున టిఫిన్ టైముకి బెంగళూరులో ఉంటాం. మనలో చాలామందికి ఈ బండి బాగా అలవాటే. పోయిన సెమిస్టర్‌లో ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ కోసం నేనూ అందులోనే వెళ్లాను. రిజర్వేషన్ దొరకలేదు కాబట్టి జనరల్ బోగీ. పెనుకొండ స్టేషన్ వస్తుంటే పక్కన కూర్చున్న పెద్దాయన కిటికీలోంచి చూపిస్తూ "ఈడే గదప్పా ఆ పొద్దు గుద్దుకునింది" అన్నాడు. ఎందుకు జరిగిందని అడిగాను. "డ్రైవర్ నిద్రపోయినాడంట" అన్నాడు. ఆ ఒక్క మాటతో కథ అయిపోయింది. ఆయన కండువా మొహం మీద కప్పుకుని నిద్రపోయాడు.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నడిపే మనిషి నిద్రపోతే బండి ఎందుకు ఆగదు? ఇంత చిన్న ప్రశ్న ఎవరూ అడగలేదా అనిపించింది. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తెలిసిందేంటంటే, ఈ ప్రశ్న అడిగినవాళ్లు నూటముప్పై ఏళ్ల కిందటే ఉన్నారు. అడిగిన ప్రతిసారీ రైలు కొంచెం మారింది. అడగకుండా "ఫలానావాడి తప్పు" అని ఫైలు మూసేసిన ప్రతిసారీ అదే ప్రమాదం ఇంకో ఊళ్లో మళ్లీ జరిగింది.

ముందు మన ఊరి సంగతి. 2012 మే 22న, తెల్లవారుజామున మూడు దాటాక, హుబ్లీ నుంచి బెంగళూరు వెళ్తున్న హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సు బండిని వెనకనుంచి ఢీకొట్టింది. ఆగాల్సిన సిగ్నల్ దగ్గర ఆగకుండా దాటి వచ్చేసింది. ఇంజిన్ వెనకున్న మొదటి బోగీ నలిగిపోయి మంటలు అంటుకున్నాయి. పాతికమంది దాకా చనిపోయారు. అప్పటికి పెనుకొండ అనంతపురం జిల్లాలోనే ఉంది, శ్రీ సత్యసాయి జిల్లా 2022లో వచ్చింది. నాకప్పుడు ఆరేళ్లు. టీవీలో కాలిపోయిన బోగీ చూపిస్తుంటే మా అవ్వ చానెల్ మార్చేసింది, అంతే గుర్తు.

మొదటి రోజు నుంచే "మానవ తప్పిదం" అనే మాట వినబడింది. ఆ మాట అబద్ధం అని నేను అనడం లేదు. సిగ్నల్ దాటింది నిజం. నా గొడవల్లా, ఆ మాట దగ్గర మనం ఆగిపోవడం గురించే. ఎందుకో చెప్పడానికి కొంచెం దూరం, కొంచెం వెనక్కి వెళ్లాలి. కొండల్లోకి వెళ్లాలి. ఎందుకంటే రైలుకి బ్రేకు అంటే ఏంటో ప్రపంచానికి నేర్పింది కొండ దారులే.

1889 జూన్ 12. ఐర్లాండ్‌లో ఆర్మా అనే ఊరు. సండే స్కూల్ పిల్లలు, వాళ్ల పెద్దవాళ్లు సముద్రం చూడ్డానికి విహారయాత్ర బయల్దేరారు. అనుకున్నదానికన్నా జనం ఎక్కువొచ్చారు, బోగీలు ఎక్కువ తగిలించారు. ఊరు దాటగానే ఎత్తు. ఇంజిన్ లాగలేక పైదాకా వచ్చి ఆగిపోయింది. సిబ్బంది ఒక ఉపాయం చేశారు. బండిని రెండు ముక్కలు చేసి, ముందు సగాన్ని పై స్టేషన్లో వదిలేసి వచ్చి, మిగతా సగాన్ని తర్వాత తీసుకెళ్దాం అనుకున్నారు. వెనక సగంలో పది బోగీలు. వాటిని పట్టి ఉంచడానికి గార్డు పెట్టెలో ఉన్న చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు. ఇంతే.

ముందు సగం కదలబోతూ కొద్దిగా వెనక్కి ఒరిగింది. ఆ చిన్న తోపుకే రాళ్లు నలిగిపోయాయి. పది బోగీలు పిల్లలతో సహా వాలులో వెనక్కి జారడం మొదలుపెట్టాయి. టికెట్ లేనివాళ్లు ఎక్కకుండా తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. కిందనుంచి ఇంకో బండి ఎక్కుతూ వస్తోంది. 80 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు.

ఇప్పుడు టెక్నికల్ సంగతి. ఆ బండికి ఇంజిన్ నుంచి పనిచేసే వాక్యూమ్ బ్రేకు ఉంది. కానీ దాని లాజిక్ ఇది: డ్రైవర్ ఇంజిన్‌లోంచి శక్తిని పంపిస్తేనే బ్రేకు పడుతుంది. బోగీలను విడదీశారు, గొట్టం ఊడింది, బ్రేకు పోయింది. అంటే ఎప్పుడైతే బ్రేకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమో, సరిగ్గా అప్పుడే అది లేకుండా పోయేలా ఆ డిజైన్ ఉంది.

దీనికి మందు అప్పటికే ఉంది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే ఆయన 1872 నాటికే ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకు తయారుచేశాడు. ఆయన చేసింది లాజిక్‌ని తలకిందులు చేయడం. బండి పొడుగునా ఒక గొట్టం, అందులో గాలి ఒత్తిడి. గాలి ఉన్నంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి. గాలి తగ్గితే బ్రేకులు పడతాయి. గొట్టం తెగినా, బోగీ ఊడిపోయినా, ఎవరైనా కావాలని గాలి వదిలేసినా బండి ఆగుతుంది. మనం చైన్ లాగినప్పుడు జరిగేది కూడా ఇదే. చైన్ లాగితే ఆ గొట్టంలో గాలి బయటికి పోతుంది. అప్పుడు వినబడే "స్స్‌స్" శబ్దం అదే. బండిని కదలనివ్వడానికి అనుమతి కావాలి, ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మన సీఎస్ఈ వాళ్లకి ఇది కొత్తేం కాదు. ఫైర్‌వాల్‌లో డిఫాల్ట్‌గా అన్నీ మూసి, కావాల్సినవే తెరవమని రెండో ఏడాదిలోనే చెప్తారు. పాస్‌వర్డ్ చెక్ చేసే కోడ్ మధ్యలో క్రాష్ అయితే లోపలికి రానివ్వాలా, బయటే ఆపాలా? బయటే ఆపాలి. 1872లో ఒకాయన ఇనుముతో, గాలితో అదే రాశాడు.

మరి మందు 1872లోనే ఉంటే ఆర్మాలో 1889 దాకా ఎందుకు వాడలేదు? ఖర్చు. రైల్వే కంపెనీలు ఏళ్ల తరబడి వాయిదా వేశాయి. ఆ పిల్లలు చనిపోయాక రెండున్నర నెలల్లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, ప్రయాణికుల బళ్లన్నిటికీ ఆటోమేటిక్ బ్రేకు తప్పనిసరి అని. రాళ్లు పెట్టినవాడు ఎవడు అన్న ప్రశ్నతోనే ఆగిపోయి ఉంటే ఆ చట్టం వచ్చేది కాదు.

రెండో కథ ఇంకా ఘోరం. 1917 డిసెంబర్ 12 రాత్రి, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఇటలీ యుద్ధభూమి నుంచి సెలవు మీద ఇంటికెళ్తున్న దాదాపు వెయ్యిమంది ఫ్రెంచి సైనికులు ఆల్ప్స్ పర్వతాల్లో మోదాన్ అనే స్టేషన్ దగ్గర ఉన్నారు. ఇంజిన్లు తక్కువగా ఉన్నాయని రెండు బళ్లను ఒకటిగా కలిపారు. మొత్తం 19 బోగీలు, 500 టన్నుల పైన బరువు. అందులో మొదటి మూడు బోగీలకే గాలి బ్రేకు. మిగతావాటికి చేతి బ్రేకులు, కొన్నిటికి అవి కూడా లేవు. దిగాల్సిన దారి 1 కి 30 వాలు. అంటే ముప్పై అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు కిందికి. నడిచేవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు. రైలుకి ఇది గోడ లాంటిది. లెక్క వేసి చూడండి: 500 టన్నుల్ని 30తో భాగిస్తే 17 టన్నుల దాకా వస్తుంది. అంత బలం బండిని ఒక్క క్షణం కూడా వదలకుండా కిందికి లాగుతూనే ఉంటుంది.

డ్రైవర్ ఒప్పుకోలేదు. ఈ బ్రేకులతో ఇంత బరువు దించలేనని చెప్పాడు. పై అధికారి సైనిక శిక్ష పేరు చెప్పి బెదిరించి పంపించాడు. దిగడం మొదలైన కాసేపటికే బండి చేతులు దాటిపోయింది. బ్రేకులు ఎర్రగా కాలి బోగీల కింద మంటలు రేగాయి. 40 కిలోమీటర్ల వేగం దాటకూడని చోట వంద దాటింది. సాన్ మిషెల్ ద మోరియెన్ ఊరి దగ్గర మలుపులో బోగీలు ఒకదాని మీద ఒకటి పడి కాలిపోయాయి. చనిపోయినవాళ్లు దాదాపు 700 మంది అంటారు. అందరి శవాలనూ గుర్తుపట్టడం కూడా సాధ్యం కాలేదు. యుద్ధం కదా, వార్తను తొక్కిపెట్టారు. తర్వాత కోర్టు మార్షల్ ఎదుట నిలబడింది రైల్వే ఉద్యోగులు. వాళ్లను చివరికి నిర్దోషులుగా వదిలేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. డ్రైవర్ మెలకువగా ఉన్నాడు, తెలివిగా ఉన్నాడు, ముందే హెచ్చరించాడు. అయినా 700 మంది పోయారు. అంటే మెలకువ ఒక్కటే బండిని ఆపదు. మందు కనిపెట్టి 45 ఏళ్లయినా ఆ పదహారు బోగీలకు దాన్ని అందించనివాళ్లు, వద్దన్నా పంపించగలిగే అధికారం ఒక మనిషి చేతిలో పెట్టినవాళ్లు, ఆ ప్రమాదంలో ఎక్కడా కనిపించరు. ఇంజిన్‌లో కనిపించేది డ్రైవరే కాబట్టి మన చూపు అక్కడే ఆగుతుంది.

"అదంతా పాతకాలం, ఇప్పుడు అన్ని బళ్లకీ గాలి బ్రేకులున్నాయి కదా" అంటారా? నిజమే. కానీ గాలి బ్రేకుకి కూడా ఒక లొసుగుంది, మనం దాన్ని తెలుసుకోవాలి. గొట్టం ఒక్కసారిగా తెగితే బ్రేకు పడుతుంది. కానీ ఇంజిన్ ఆపేసి బండిని గంటల తరబడి నిలబెడితే, బ్రేకుల్ని పట్టి ఉంచే సిలిండర్లలోని గాలి మెల్లగా కారిపోతుంది. అప్పుడు బ్రేకులు వదిలేస్తాయి. అందుకే నిలబెట్టిన బండికి చేతి బ్రేకులు బిగించాలి, చక్రాల కింద దిమ్మెలు పెట్టాలి. ఈ పని మనిషి చేయాలి. అంటే ఆర్మాలో రాళ్లు పెట్టిన పని ఇంకా బతికే ఉంది.

2013 జులై 6న కెనడాలో లాక్ మెగాంటిక్ అనే ఊరిమీదికి 72 ట్యాంకర్ల ముడిచమురు బండి డ్రైవర్ లేకుండా దూసుకొచ్చింది. పైన వాలులో రాత్రి నిలబెట్టిన బండి అది. ఇంజిన్‌లో మంట వస్తే ఫైర్ వాళ్లు ఆర్పి ఇంజిన్ ఆపేశారు. గాలి కారిపోయింది. బిగించిన ఏడు చేతి బ్రేకులు చాల్లేదు. 47 మంది చనిపోయారు. అంత పెద్ద బండికి ఒకే ఒక్క ఉద్యోగిని పెట్టి నడిపిన కంపెనీ అది. కేసు మాత్రం ముగ్గురు ఉద్యోగుల మీద నడిచింది. 2018లో జ్యూరీ ఆ ముగ్గుర్నీ నిర్దోషులని తేల్చింది. వందేళ్ల తర్వాత కూడా మోరియెన్ కథే.

మన దేశంలోనూ చూడండి. 2017 నవంబర్‌లో, మనం ముంబయి వెళ్లే దారిలోనే ఉన్న వాడి స్టేషన్లో, బండి నుంచి విప్పిన కరెంటు ఇంజిన్ ఒకటి డ్రైవర్ లేకుండా బయల్దేరి 13 కిలోమీటర్లు పోయింది. రైల్వే ఉద్యోగి బైకు మీద వెంటపడి, ఎక్కి ఆపాడు. సినిమా సీన్ అనుకుని నవ్వుకున్నాం. 2018 ఏప్రిల్‌లో ఒడిశాలోని టిట్లాగఢ్‌లో అహ్మదాబాద్–పూరీ ఎక్స్‌ప్రెస్‌కి ఇంజిన్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మారుస్తుంటే, 22 బోగీలు ప్రయాణికులతో సహా వాలులో పది కిలోమీటర్లకు పైగా జారిపోయాయి. చక్రాలకు దిమ్మెలు పెట్టలేదు. పట్టాల మీద రాళ్లు పెట్టి ఆపారు. ఎవరికీ ఏం కాలేదు, అదృష్టం. 2024 ఫిబ్రవరి 25న జమ్మూలోని కఠువాలో 53 వ్యాగన్ల కంకర గూడ్సు బండి డ్రైవర్ లేకుండా బయల్దేరి, 70 కిలోమీటర్ల పైన ఉరికి, పంజాబ్‌లో ఆగింది. ప్రతిసారీ సస్పెన్షన్ల వార్త వచ్చింది. ఆ తర్వాత మనమూ మర్చిపోయాం.

కొండ అనగానే మనకి ఊటీ, అరకు గుర్తొస్తాయి. అరకు టూర్ వెళ్లినవాళ్లు కొత్తవలస–కిరండూల్ లైన్ చూసే ఉంటారు. యాభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగుడ దాకా ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బళ్లు ఆ దారిలోనే విశాఖ వైపు దిగుతాయి. కానీ బండి జారడానికి అంత కొండ అక్కర్లేదు. రైల్వే నిబంధనల ప్రకారం స్టేషన్ యార్డులో వాలు 1 కి 400 దాటకూడదు, వీలైతే 1 కి 1200 దగ్గరే ఉంచాలి. ఎందుకంటే ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద ఎంత తేలిగ్గా దొర్లుతుందంటే, కంటికి కనబడని వాలు కూడా దానికి చాలు. మన అనంతపురం పీఠభూమి చూడ్డానికి బల్లపరుపుగా, ఎండిపోయిన వేరుశనగ చేలతో చదునుగా ఉంటుంది కదా. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తు. హిందూపురం 620. బెంగళూరు 900 పైన. మనం నిద్రలో తెలీకుండా దాదాపు 600 మీటర్లు ఎక్కేస్తున్నాం. చదును అనేది రైలుకి లేదు.

ఘాట్ రైళ్లలో నాకు బాగా నచ్చింది క్యాచ్ సైడింగ్. ముంబయి–పుణె మధ్య భోర్ ఘాట్‌లో ఇవి ఉన్నాయి. దిగే దారిలో పక్కకి, ఎత్తు ఎక్కేలా ఒక చిన్న లైన్ వేస్తారు. పట్టాలు మామూలుగా ఆ పక్క లైన్‌కే కలిపి ఉంచుతారు. దిగే బండి అక్కడ ఆగి, తను ఆగగలనని నిరూపించుకుంటేనే అసలు దారి తెరుస్తారు. అదుపు తప్పిన బండి దానంతట అదే ఆ ఎత్తెక్కి ఆగిపోతుంది. ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు, ఎవరూ మెలకువగా ఉండక్కర్లేదు. "నువ్వు సేఫ్ అని నిరూపించు, అప్పుడే వదులుతా" అనే డిజైన్ అది. "నువ్వు ప్రమాదం అని తెలిస్తే ఆపుతా" అనే డిజైన్‌కీ దీనికీ ఉన్న తేడా మీదే ఎంతోమంది ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ పెనుకొండకి రండి. హంపి ఎక్స్‌ప్రెస్‌కి బ్రేకులు లేక కాదు. లేనిదల్లా సిగ్నల్‌కీ బ్రేకుకీ మధ్య లింకు. సిగ్నల్ ఎర్రగా ఉన్న సంగతి ఆ స్తంభానికి తెలుసు, స్టేషన్‌కి తెలుసు. బ్రేకుకి తెలీదు. ఆ రెంటి మధ్యా ఉన్న ఒకే ఒక్క వైరు ఒక మనిషి కళ్లు. అదీ తెల్లవారుజామున మూడింటికి. హ్యాకథాన్‌లో ఆ టైముకి మనం రాసే కోడ్ ఎలా ఉంటుందో మనకి తెలుసు. రెండు నుంచి అయిదు మధ్య మనిషి ఒళ్లు నిద్ర అడుగుతుంది, అది క్రమశిక్షణ లేకపోవడం కాదు, శరీర ధర్మం. లోకోపైలట్ల సంఘాలు వరసగా రెండు రాత్రుల కన్నా ఎక్కువ డ్యూటీ వేయొద్దని ఎప్పటినుంచో అడుగుతున్నాయి. వంద కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆగాలంటే దాదాపు కిలోమీటరు కావాలి. అంటే కళ్లు అర నిమిషం మూతపడితే చాలు.

ఆ లింకు పేరే ఇప్పుడు కవచ్. ఎర్ర సిగ్నల్ వస్తున్నా డ్రైవర్ వేగం తగ్గించకపోతే అదే బ్రేకు వేస్తుంది. దీని మొదటి ట్రయల్స్ జరిగింది మన పక్కనే, దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ లైన్లలో. 2022 మార్చి 4న రైల్వే మంత్రి ఎక్కిన ఇంజిన్, ఎదురుగా ఉన్న ఇంజిన్‌కి 380 మీటర్ల ముందే దానంతట అదే ఆగింది. దక్షిణ మధ్య రైల్వేలో మొదటి విడతగా 1,465 రూట్ కిలోమీటర్లలో పెట్టారు. దేశం మొత్తం రైలు మార్గం 68 వేల కిలోమీటర్ల పైమాటే. ఖర్చు ఎక్కువ, టైం పడుతుంది అంటారు. నిజమే, పడుతుంది. కానీ ఆర్మాకి ముందు కంపెనీలు చెప్పింది కూడా సరిగ్గా ఇదే అని మర్చిపోవద్దు.

కవచ్ అన్నిటికీ మందు అని కూడా అనుకోవద్దు. అది ఇంజిన్‌లో ఉంటుంది. టిట్లాగఢ్‌లో జారిన బోగీలకు ఇంజినే లేదు. అక్కడ కావాల్సింది చేతి బ్రేకు బిగించేదాకా ఇంజిన్ విప్పనివ్వని పద్ధతి. ఒక్కో లొసుగుకి ఒక్కో మందు. కానీ అన్నిటికీ సూత్రం ఒకటే: మనిషి మర్చిపోతాడు, అలసిపోతాడు, భయపడతాడు అని ముందే ఒప్పుకుని కట్టాలి.

నా రూమ్‌మేట్‌తో ఇదంతా చెప్తే వాడొక మంచి ప్రశ్న వేశాడు. "అయితే తప్పు చేసినవాడికి శిక్షే వద్దంటావా? రేపు ప్రతివాడూ సిస్టమ్ మీదికి తోసేస్తాడు కదరా." నేను అలా అనడం లేదు. తాగి నడిపితే, కావాలని నిబంధన తొక్కితే శిక్ష పడాల్సిందే. కానీ శిక్ష ఒక మనిషిని ఆపుతుంది, రేపు రాత్రి అదే సీట్లో కూర్చునే ఇంకో మనిషికి వచ్చే నిద్రని ఆపదు. పైగా భయం పెరిగితే జనం చిన్న చిన్న తప్పులు దాచేస్తారు. ఎర్ర సిగ్నల్‌ని పది మీటర్లు దాటి ఆపిన డ్రైవర్ ఆ సంగతి ధైర్యంగా చెప్పగలిగితేనే, రేపు వెయ్యి మీటర్లు దాటే బండి గురించి మనకి ముందే తెలుస్తుంది. మన టీమ్ ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా, తిట్లకి భయపడి బగ్ దాచినవాడి వల్లే డెమో రోజు అందరం మునుగుతాం.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను, ఇది చెప్పడానికే అసలు ఈ వ్యాసం రాశాను. దూరం వెళ్లే చాలా బళ్లలో జనరల్ బోగీలు ఎక్కడుంటాయో గమనించారా? ఇంజిన్ వెంటనే కొన్ని, ఆఖర్న కొన్ని. ముందు గుద్దినా వెనక గుద్దినా మొదట నలిగేది అవే. వాటిలో ఎవరుంటారో మనకి తెలుసు. వాన పడని ఏడాది మన పల్లెల నుంచి బెంగళూరుకి కట్టడం పనులకి పోయేవాళ్లు. బియ్యం మూటతో, చంకలో బిడ్డతో, బాత్రూం పక్కన కూర్చుని. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి, కాబట్టి ఆ బోగీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పెనుకొండలో నలిగి కాలింది ఇంజిన్ వెనకున్న మొదటి బోగీయే అని చదివినప్పుడు, ఆ రాత్రి నా పక్కన కండువా కప్పుకుని పడుకున్న పెద్దాయన గుర్తొచ్చాడు. "డ్రైవర్ నిద్రపోయినాడంట" అని చెప్పి ఆయన నిశ్చింతగా నిద్రపోయాడు. ఆయనకి ఆ హక్కుంది. టికెట్ కొన్నవాడు నిద్రపోవచ్చు. ఆయన నిద్రపోగలిగేలా చూసే బాధ్యత ఒక్క డ్రైవర్ కళ్ల మీదే పెట్టడం మాత్రం అన్యాయం, డ్రైవర్‌కీ, ఆయనకీ కూడా.

మనలో కొంతమంది రేపు ఇలాంటి సిస్టమ్సే రాస్తారు. రైల్వేలోనే కాకపోవచ్చు, ఆసుపత్రి మెషీన్లకో, కార్లకో, కరెంటు గ్రిడ్‌కో. అప్పుడు స్పెసిఫికేషన్‌లో "ఆపరేటర్ జాగ్రత్తగా ఉంటాడు" అనే లైన్ కనబడితే అక్కడ ఆగండి. ఉండకపోతే ఏమవుతుందని అడగండి. ప్రమాదం వార్తలో "మానవ తప్పిదం" అని చదివినప్పుడు కూడా అదే అడుగుదాం. ఎవరు నిద్రపోయారు అన్నది అడగాల్సిందే, కాకపోతే రెండోది. మొదటి ప్రశ్న, ఆయన నిద్రపోతే బండి ఎందుకు ఆగలేదు అన్నది.